హోంవర్కు పూర్తయింది, లెక్క రాలేదు

సంక్రాంతి సెలవులకు వచ్చిన మా మేనకోడలు తన పదో తరగతి లెక్కల నోటుబుక్కు తెచ్చి చూపించింది. ముత్యాల్లాంటి అక్షరాలు. పేజీ మొత్తంలో ఒక్క కొట్టివేత లేదు. నాకు అనుమానం వచ్చింది అక్కడే. లెక్కల పుస్తకంలో కొట్టివేతలు లేవంటే, అసలు లెక్క ఇంకెక్కడో జరిగి ఉంటుంది.

ఆ పేజీలోని లెక్క ఇది: ఒక రెండంకెల సంఖ్యలో అంకెల మొత్తం 9. అంకెలను తారుమారు చేస్తే వచ్చే సంఖ్య అసలు సంఖ్యకన్నా 27 ఎక్కువ. ఆ సంఖ్య ఏది? పదుల స్థానంలో ఎక్స్, ఒకట్ల స్థానంలో వై అనుకుని, రెండు సమీకరణాలు రాసి, జవాబు 36 అని తేల్చి, కింద రెండు గీతలు కూడా గీసింది. జవాబు సరైనదే.

"27 తీసేసి 45 పెట్టి ఇంకోసారి చెయ్యమ్మా" అన్నాను.

"45తో పుస్తకంలో లేదు కదా మావయ్యా!"

పెన్ను పట్టుకుని అయిదు నిమిషాలు కూర్చుంది. 'పది ఎక్స్ ప్లస్ వై' అని తన చేత్తో రాసిన చోట ఆ పది ఎందుకు వచ్చిందో చెప్పలేకపోయింది. లెక్కను ఫొటో తీసి ఫోనుకు చూపిస్తే అది ఇచ్చిన పరిష్కారాన్ని పుస్తకంలోకి ఎక్కించింది, అంతే. దాచలేదు కూడా. క్లాసులో అందరూ అలాగే చేస్తారట.

చదువులో జనరేటివ్ ఏఐ, అంటే అడిగింది రాసిచ్చే కృత్రిమ మేధ, వాడవచ్చా, కూడదా అని చర్చలు పెట్టేవాళ్లు సాధారణంగా రెండు జట్లుగా చీలిపోతారు. ఒకరికి అది ప్రతి పిల్లవాడికీ దొరికిన ప్రైవేటు మాస్టారు. ఇంకొకరికి కాపీ యంత్రం. నాకు మాత్రం ఇద్దరూ ఒకే వస్తువును రెండు వేర్వేరు గంటల్లో చూసి మాట్లాడుతున్నారని అనిపిస్తుంది. పని పూర్తిచేసే గంట ఒకటి, నేర్చుకునే గంట ఇంకొకటి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. చిక్కంతా అందులోనే ఉంది.

అడిగితే ఇచ్చేస్తుంది

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది. ఇలాంటి యంత్రాలు పనిచేసే తీరును క్లుప్తంగా చెప్పాలంటే, అంతవరకు వచ్చిన మాటల వెనుక ఏ ముక్క రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కగట్టి, ఒక్కో ముక్కనే పేర్చుకుంటూ పోతాయి. కోట్లాది పేజీలు నమిలి ఆ అంచనా నేర్చుకున్నాయి కాబట్టి వాక్యం నున్నగా వస్తుంది. నిజం చెప్పినా, లేని శాసనాన్ని ఉన్నట్టు కల్పించి చెప్పినా ఆ నునుపులో తేడా ఉండదు. పెద్దవాళ్లకు నిజమేదో కల్పన ఏదో పట్టుకునే అవకాశం కొంత ఉంటుంది. ఆ విషయాన్ని అప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు ఎలా తెలుస్తుంది?

ఆ తర్వాత మరో మెరుగు పెట్టారు: అడిగినవాళ్లకు ఉపయోగపడేలా, వాళ్లు మెచ్చుకునేలా జవాబివ్వడం నేర్పారు. ఆఫీసులో ఉత్తరం రాసుకునేవాడికి ఇది వరమే. చదువు చెప్పేవాడి పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. మంచి లెక్కల మాస్టారు అడగగానే జవాబు చెప్పడు. "ఎంతవరకు వచ్చావు? అక్కడ ఎందుకు ఆగావు?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. అంటే ఏ గుణం ఈ యంత్రాన్ని బజారులో గెలిపించిందో, తరగతి గదిలో అదే అడ్డు తగులుతుంది.

ఇది ఊహ కాదు. టర్కీలోని ఒక ఉన్నత పాఠశాలలో 2023లో దాదాపు వెయ్యిమంది విద్యార్థులతో పరీక్షించి చూశారు. పిల్లలను మూడు గుంపులు చేసి లెక్కలు సాధన చేయించారు. మొదటి గుంపు చేతిలో పుస్తకం, నోట్సు మాత్రమే ఉన్నాయి. రెండో గుంపుకు మామూలు చాట్‌జీపీటీ లాంటి యంత్రం ఇచ్చారు. మూడో గుంపుకు ఇచ్చింది అదే యంత్రమే కానీ, జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా ఉపాధ్యాయుల సాయంతో కట్టడి చేసినది. సాధన సమయంలో మొదటి గుంపుకన్నా రెండో గుంపు 48 శాతం, మూడో గుంపు ఏకంగా 127 శాతం మెరుగ్గా చేశాయి. అక్కడితో ఆపేసి ఉంటే పత్రికలకు గొప్ప శీర్షిక దొరికేది.

తర్వాత యంత్రాలు, పుస్తకాలు అన్నీ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు యంత్రంతో సాధన చేసిన పిల్లలు, అసలు యంత్రమే చూడని పిల్లలకన్నా 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. సూచనల యంత్రం వాడినవాళ్లకు ఆ నష్టం దాదాపు లేకుండా పోయింది.

ఈ ప్రయోగం గురించి రాసినవాళ్లు ఎక్కువగా ఆ 17 శాతం దగ్గరే ఆగిపోయారు. నన్ను ఆపింది మూడో గుంపు. సాధనలో 127 శాతం ముందున్న పిల్లలు పరీక్షకు వచ్చేసరికి పుస్తకంతో కుస్తీ పట్టినవాళ్లతో సమానంగా నిలిచారు. అంత ఆధిక్యం ఎటు పోయింది? ఎటూ పోలేదు, అది పిల్లల బుర్రల్లోకి రానే లేదు. సాధనలో వచ్చిన మార్కులు పిల్లవాడివీ యంత్రానివీ కలిపి వేసిన మార్కులు. ఇంకో సంగతి కూడా ఉంది: మామూలు యంత్రం వాడిన పిల్లలకు తాము తక్కువ నేర్చుకున్నామన్న స్పృహే లేదు. పైగా ఆ యంత్రం ఆ లెక్కలకు ఇచ్చిన జవాబుల్లో దాదాపు సగం తప్పులు. సూచనల యంత్రం తడబడకపోవడానికి కారణం, ఒక్కో లెక్కకు సరైన పరిష్కారాన్నీ పిల్లలు సాధారణంగా చేసే తప్పులనూ ముందే దాని చెవిలో వేయడం. ఆ పని చేసింది మనుషులే.

ఇలా ఎందుకు జరుగుతుందో ఏఐ రాకముందే తెలుసు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరు విద్యార్థులతో ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించారు. ఇంకొందరితో చదివించి, పుస్తకం మూయించి, గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లు గెలిచారు. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు గెలిచారు. తలలోంచి బయటికి లాగే శ్రమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుందన్నమాట. మన పాతకాలపు బళ్లలో పాఠం అప్పజెప్పించుకునేవారు, గుర్తుందా? దానిలోని బెత్తాన్ని పక్కన పెడితే, పద్ధతి మాత్రం ఈ శాస్త్రానికి బాగానే సరిపోతుంది. ఫోను చేసేది ఆ శ్రమను తప్పించడమే.

అలాగని అన్ని ప్రయోగాలూ చేదుగా లేవు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చదివే 194 మందితో ఒక ప్రయోగం చేశారు. ఒక వారం తరగతిలో చర్చలతో కూడిన పాఠం, ఇంకో వారం ఇంటి దగ్గర ఏఐ ట్యూటర్. సగం మందికి ఈ వరుస, మిగతా సగానికి తలకిందులు. ఏఐ ట్యూటర్ దగ్గరే తక్కువ సమయంలో ఎక్కువ నేర్చుకున్నట్టు తేలింది. 2025లో అచ్చయిన ఈ ఫలితాన్ని ఏఐ అమ్మేవాళ్లంతా చూపిస్తారు. వాళ్లు చెప్పని సంగతి ఏమిటంటే, ఆ ట్యూటర్‌కు కూడా పాఠం చెప్పే అధ్యాపకులే మెట్టు మెట్టుగా పరిష్కారాలు రాసిచ్చారు, ఒక మెట్టు దాటితే గానీ రెండోది చూపించవద్దని కట్టడి చేశారు. పైగా అక్కడికి చేరే పిల్లలు తమంతట తాము చదువుకోగల పిల్లలు.

నైజీరియాలోని ఎడో రాష్ట్రంలో 2024లో ప్రపంచ బ్యాంకు చేయించిన ప్రయోగం మన పరిస్థితులకు కాస్త దగ్గర. బడి అయ్యాక ఆరు వారాలపాటు కంప్యూటర్ గదిలో పిల్లలు ఏఐతో ఇంగ్లిషు నేర్చుకున్నారు. ఉపాధ్యాయులు పక్కనే ఉండి నడిపించారు. అంత తక్కువ వ్యవధికి లాభం బాగానే కనిపించింది. అయితే పోల్చి చూసిన పిల్లలకు ఆ సాయంత్రపు తరగతులే లేవు. లాభంలో ఏఐ వాటా ఎంత, అదనపు గంటల వాటా ఎంత అనేది విడదీయడం కష్టం. అయినా మూడు చోట్లా ఒక పోలిక ఉంది: బాగా పనిచేసిన ప్రతిచోటా ఉపాధ్యాయుడు యంత్రం లోపలో, పక్కనో ఉన్నాడు.

దొంగను పట్టే యంత్రం

పాశ్చాత్య దేశాల విద్యాసంస్థలు మొదట బెదిరిపోయింది ఇంటి దగ్గర రాసుకొచ్చే వ్యాసాల గురించి. 2023 జనవరిలో న్యూయార్క్ నగర ప్రభుత్వ పాఠశాలల నెట్‌వర్కుల్లో చాట్‌జీపీటీని ఆపేశారు. మే నెలకల్లా ఆ నిషేధాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇంట్లో, ఫోనులో ఉన్నదాన్ని బడి గోడ ఏం ఆపుతుంది? ఆ తర్వాత అందరి ఆశా 'ఏఐ రాసిందో, మనిషి రాశాడో కనిపెట్టే' డిటెక్టర్ల మీదికి మళ్లింది. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా ఒకటి తెచ్చింది. వాళ్లు చెప్పిన లెక్క ప్రకారమే అది ఏఐ రాసినవాటిలో 26 శాతాన్నే పట్టుకుంది. మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ రాసిందని పొరబడింది. ఆరు నెలలు తిరగకుండానే, 2023 జులైలో దాన్ని తీసేశారు.

ఇది మన పిల్లలకు సూటిగా తగిలే విషయం. ఏటా వేలాది తెలుగు విద్యార్థులు అమెరికా విశ్వవిద్యాలయాలకు వెళ్తున్నారు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఏడు డిటెక్టర్లకు, ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిషు పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను ఇచ్చి చూశారు. అన్నీ మనుషులు రాసినవే. సగటున 61 శాతం వ్యాసాలను డిటెక్టర్లు ఏఐ ఖాతాలో వేశాయి. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన వ్యాసాల దగ్గర మాత్రం దాదాపు పొరపాటు పడలేదు. కారణం సులువు. తర్వాత వచ్చే మాట ఊహకు అందేలా ఉంటే ఆ రాత యంత్రానిదని డిటెక్టర్ అనుకుంటుంది. పరాయి భాషలో రాసేవాడు తెలిసిన కొద్ది మాటలతో, జాగ్రత్తగా, నేర్చుకున్న చట్రంలోనే రాస్తాడు. నిజాయతీగా రాసిన సాదా ఇంగ్లిషే నేరానికి సాక్ష్యం అవుతుంది. అందుకే విదేశాల్లో చదువుతున్నవాళ్లకు నేను చెప్పే మాట ఒక్కటే: చిత్తుప్రతులు పారేయకండి. ఏ రోజు ఏ పేరా రాశారో, ఎక్కడ కొట్టేశారో చూపించే చరిత్ర దాచుకోండి.

గైడు నుంచి ఫోను దాకా

ఇక మన సంగతి. పాశ్చాత్య దేశాల్లో కూలింది ఇంటి వ్యాసం. మన పదో తరగతి, ఇంటర్ పరీక్షలు మాత్రం హాలులో, పర్యవేక్షకుడి ఎదుట, చేత్తో రాసేవి. కాబట్టి బట్టీ చదువుకు ఏఐ వల్ల వచ్చిన ప్రమాదం ఏమీ లేదు! దెబ్బ తగిలేది, బట్టీ నుంచి బయటపడటానికి ఎంతో కష్టపడి తెచ్చుకున్న చిన్న చిన్న ఏర్పాట్లకు. మన బడుల్లో నిర్మాణాత్మక మూల్యాంకనం కింద ప్రాజెక్టు పనికి, రాత పనికి విడిగా మార్కులుంటాయి. ఊళ్లోని చెరువు గురించి నలుగురు పెద్దలను అడిగి రాసుకురమ్మనడం దాని ఉద్దేశం. ఇప్పుడు చెరువు దగ్గరికి వెళ్లకుండానే, ఏ నలుగురినీ అడగకుండానే, నలుగురూ చెప్పినట్టు రెండు పేజీలు ఫోను రాసిస్తుంది.

నిజం చెప్పుకోవాలంటే ఆ ప్రాజెక్టు అంతకుముందే జబ్బుపడి ఉంది. గైడులో చూసి ఎక్కించడం, నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి అట్ట వేయించడం, బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టును అమీర్‌పేటలో కొనుక్కోవడం ఇవన్నీ మనకు కొత్త కాదు. ఏఐ చేసిందల్లా ఆ సౌకర్యాన్ని ఉచితం చేసి, ఇంటికే పంపడం. నా భయం వేరే ఉంది. "ప్రాజెక్టులన్నీ ఏఐతోనే చేస్తున్నారు, ఎత్తేసి మొత్తం మార్కులు పరీక్ష హాలుకే పెడదాం" అనేవాళ్ల మాటకు బలం పెరుగుతుంది. కొత్త రోగానికి పాత రోగాన్ని మందుగా ఇచ్చినట్టు.

దీనికి ఖర్చు లేని దారి ఒకటుంది. రాసుకొచ్చిన ప్రాజెక్టు మీద రెండు నిమిషాలు మాట్లాడించడం. "చెరువుకు తూము ఎన్ని? ఎవరు చెప్పారు? ఆయన చెప్పినదాంట్లో నీకు నమ్మబుద్ధి కానిది ఏది?" మూడో ప్రశ్నకల్లా అసలు సంగతి తేలిపోతుంది. అరవైమంది ఉన్న సెక్షన్‌లో ఇది సాధ్యమా అంటే, అందరితో ప్రతిసారీ సాధ్యం కాదు. చీటీలు తీసి పదిమందిని పిలిస్తే మిగతా యాభైమంది కూడా సిద్ధపడే వస్తారు.

'పుస్తకం' అనే మాటలో అక్షరాలెన్ని?

తెలుగు మాధ్యమం పిల్లలకు మరో మెలిక ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. ఇంటర్నెట్టులో తెలుగు రాత మాత్రం ఆ సంఖ్యకు తగ్గట్టు లేదు. యంత్రం నమిలిన పేజీల్లో తెలుగు పేజీలు పిడికెడు.

'పుస్తకం' అనే మాట తీసుకోండి. రెండో తరగతి పిల్లకు అందులో మూడు అక్షరాలు: పు, స్త, కం. కంప్యూటర్ దాచుకునేటప్పుడు అవి ఏడు గుర్తులు: ప, ఉకార గుర్తు, స, పొల్లు గుర్తు, త, క, సున్న. ఒక్కో గుర్తుకు మూడు బైట్ల చొప్పున 21 బైట్లు. ఏఐ ఈ బైట్లను తనకు అలవాటైన ముక్కలుగా కత్తిరించుకుని చూస్తుంది. ఆ కత్తిరింపు మన అక్షరం దగ్గర పడాలన్న నియమం లేదు. అందుకే గురులఘువులు గుర్తించమంటే తడబడుతుంటుంది. 'పు' హ్రస్వమే అయినా దాని తర్వాత 'స్త' ఉంది కాబట్టి గురువు. మాట U I U అవుతుంది. ఈ సూత్రాన్ని అడిగితే యంత్రం తప్పులేకుండా అప్పజెప్పవచ్చు, కింద వేసే గుర్తుల్లో తప్పవచ్చు కూడా. సూత్రం వచ్చి లెక్క రాని పిల్లవాడిలాగే.

ముక్కల లెక్కలోనూ మనకు అన్యాయమే జరిగింది. ఓపెన్‌ఏఐ 2024 మేలో కొత్త నమూనా తెచ్చినప్పుడు ఒకే పలకరింపు వాక్యాన్ని వివిధ భాషల్లో చూపించింది. ఇంగ్లిషులో పాత పద్ధతిలో 27 ముక్కలైన ఆ వాక్యం తెలుగులో 159 ముక్కలు. కొత్త పద్ధతిలో ఇంగ్లిషుకు 24, తెలుగుకు 45. ముక్కలను బట్టే సమయమూ రుసుమూ ఉంటాయి కనుక ఇది పెద్ద ఊరటే. దూరం మాత్రం ఇంకా ఉంది. పారిభాషిక పదాల గొడవ మరొకటి. మన పాఠ్యపుస్తకం 'కిరణజన్య సంయోగక్రియ' అంటుంది. యంత్రం ఒకసారి ఇంగ్లిషు మాటనే తెలుగు లిపిలో పెడుతుంది, మరోసారి తనకు తోచిన సంస్కృత సమాసం ఒకటి కూర్చి ఇస్తుంది. చదివే పిల్లవాడు అవి మూడు వేర్వేరు విషయాలనుకుంటే తప్పు వాడిది కాదు. పాఠంలోని పేరాను ముందు అతికించి, "ఈ మాటలే వాడు" అని చెబితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

మాస్టారి బల్ల మీద

నన్నడిగితే ఈ యంత్రం ముందుగా చేరవలసింది పిల్లల చేతికి కాదు, ఉపాధ్యాయుడి బల్ల మీదికి. ఏకోపాధ్యాయ పాఠశాలను ఊహించుకోండి. ఒకే గదిలో అయిదు తరగతులు. పుస్తకం ప్రకారం ఒక తరగతి పిల్లలందరూ ఒకే స్థాయిలో ఉండాలి, ఉండరు. ఢిల్లీలో స్థాయిని బట్టి పాఠం మార్చే ఒక సాఫ్ట్‌వేర్ మీద చేసిన పరిశోధన 2019లో అచ్చయింది. అందులో ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నట్టు తేలింది. అది జనరేటివ్ ఏఐ కాదు. పిల్లలు చేసే తప్పులను ఏళ్ల తరబడి గమనించి మనుషులు తయారుచేసిన ప్రశ్నల నిధి. నాలుగున్నర నెలల్లోనే మంచి ఫలితం ఇచ్చింది.

ఒకే భిన్నాల పాఠానికి మూడు స్థాయిల అభ్యాస పత్రాలు చేతితో రాయాలంటే మాస్టారికి ఆదివారం హరించుకుపోతుంది. ఏఐతో పది నిమిషాలు, ఆపైన సరిచూడటానికి పావుగంట. ఆ పావుగంట తప్పించుకునేవాడు మాత్రం దీని జోలికి పోకపోవడమే మంచిది. నాకు బాగా నచ్చిన ఉపయోగం ఇంకోటి ఉంది: తప్పుగా చేసిన లెక్కలు తయారుచేయించడం. "1/2 + 1/3 = 2/5 అని పిల్లలు ఎందుకు వేస్తారు? ఇలాంటి పొరపాట్లతో అయిదు లెక్కలు ఇవ్వు" అంటే చక్కగా ఇస్తుంది. వాటిని బోర్డు మీద రాసి, "ఎక్కడ తప్పు?" అంటే గది మొత్తం లేచి నిలబడుతుంది. ఇతరుల తప్పు పట్టడంలో ఉన్న ఆనందం పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు కదా.

పిల్లలకు నేరుగా ఇవ్వడం గురించి యునెస్కో 2023 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో తరగతి గదిలో వాడకానికి కనీస వయసు 13 ఏళ్లు ఉండాలంది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. మొత్తం క్లాసు మార్కుల జాబితాను, పేర్లతో సహా, ఏదో ఒక చాట్‌బాట్‌లో అతికించి "విశ్లేషించు" అనే ముందు ఉపాధ్యాయులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

మేనకోడలి దగ్గరికి వస్తాను. ఆ సాయంత్రం ఆమె ఫోనులోనే ఇలా టైపు చేయించాను: "నేను పదో తరగతి. ఈ లెక్కకు నాకు జవాబు చెప్పవద్దు. ఒక్కసారికి ఒక్క ప్రశ్న మాత్రమే అడుగు. నేను తప్పు చెబితే ఇంకా చిన్న ప్రశ్న అడుగు." అది అడిగిన మొదటి ప్రశ్న, 36లో 3 విలువ ఎంత అని. మూడు అని కొట్టింది. మూడు రూపాయల నాణేలా, మూడు పది రూపాయల నోట్లా అని అడిగింది. పిల్ల కాసేపు తెర వైపు చూసి "ఓహ్, అందుకా పది" అంది. ఇంకో పావుగంటకు 45 లెక్క తెగింది. జవాబు 27. ఈసారి పేజీలో మూడు కొట్టివేతలు ఉన్నాయి.

నేను మురిసిపోయేలోపే గడియారం చూసింది. ఒక్క లెక్కకు ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. సెలవుల తర్వాత బడికి చూపించవలసినవి ఇంకా పద్నాలుగు ఉన్నాయి, అవి కాక సైన్సు రికార్డు, సోషల్ మ్యాపులు. "అన్నీ ఇలాగే చేస్తే సెలవులు అయిపోతాయి మావయ్యా" అని, నోటుబుక్కు పేజీ తిప్పి, తర్వాతి లెక్కను ఫొటో తీసింది.